తాంబూలం కింద కవరు

ఆ పిల్లని రెండేళ్ళకు పైగా నేను పెంచానని ఎక్కడా రాసి లేదు. కావాలనే రాయలేదు. వాళ్ళమ్మా, వాళ్ళ నాన్నా, మా ఆయనా, నేనూ నలుగురం కలిసి, ఒక్కసారి కూడా పైకి అనుకోకుండానే, ఎక్కడా రాతపూర్వకంగా లేకుండా జాగ్రత్తపడ్డాం. చివరికి ఆ జాగ్రత్తే నా కొంప ముంచింది. మరి ఇప్పుడెందుకు రాస్తున్నావంటే, ఇప్పుడు రాసినా ఎవరికీ లాభమూ లేదు, నష్టమూ లేదు.

అమెరికాలో, ఆష్‌బర్న్ అనే ఊళ్ళో మేముండే ఇళ్ళ వరస చివర ఒక డేటా సెంటర్ ఉంది. కిటికీలు లేని పెద్ద బిల్డింగు. లోపల మనుషులు తక్కువ, మెషీన్లు ఎక్కువ. మా ఆయనకి అలాంటి బిల్డింగుల చుట్టూ తిరిగే కాంట్రాక్టు ఉద్యోగం. నేను తెనాలిలో జూనియర్ కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పేదాన్ని. ఇక్కడికి ఆయన వీసాకి తోకగా వచ్చాను. తోకకి పనిచేసే హక్కు ఉండదు. మధ్యలో కొన్నాళ్ళు వర్క్ పర్మిట్ వచ్చింది. జీతానికీ టాక్సుకీ ఇక్కడ అడిగే సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఇచ్చారు. ఒక ట్యూషన్ సెంటర్‌లో లెక్కలు చెప్పాను. ఈలోగా ఆయన కంపెనీ మారడం, కాయితాలన్నీ మొదటికి రావడం, నా పర్మిట్ గడువు తీరడం వరసగా జరిగిపోయాయి. కొత్తదానికి పెట్టాం. వెబ్‌సైట్‌లో ఎప్పుడు చూసినా మీ దరఖాస్తు అందింది అనే ఉండేది. అందిందని మాకూ తెలుసు. ట్యూషన్ సెంటర్‌వాళ్ళు ఒక పూలగుత్తి చేతిలో పెట్టి ఇంటికి పంపేశారు.

మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇక్కడ ఇంతకంటే రాయను.

మా పక్కింట్లో వరంగల్ వైపు దంపతులు ఉండేవాళ్ళు. ఇద్దరికీ ఉద్యోగాలు. ఆ అమ్మాయి పురిటికి వచ్చిన వాళ్ళమ్మగారు విజిటర్ వీసా గడువు అయిపోయి వెళ్ళిపోయారు. ఆవిడ వెళ్ళిన మూడోనాడో నాలుగోనాడో ఆ అమ్మాయి పిల్లని భుజాన వేసుకుని మా గుమ్మంలో నిలబడింది. జుట్టు దువ్వుకోలేదు. ఆఫీసు బ్యాడ్జి మెళ్ళోనే ఉంది.

"అక్కా, జర ఒక్క నెల చూస్తరా? డే కేర్‌ల సీట్ దొరికేదాంక."

నేను ఇంకా సరే అనకముందే పిల్ల నా చున్నీ పట్టుకుంది. ఆ ఒక్క నెల అలా సాగింది. డే కేర్‌లో సీటు దొరికిందో లేదో తర్వాత ఎవరూ అడగలేదు.

నెల తిరిగాక ఒక శుక్రవారం సాయంత్రం ఆ అమ్మాయి తలస్నానం చేసి, చీర కట్టుకుని, స్టీలు పళ్ళెం పట్టుకుని వచ్చింది. నాకు బొట్టు పెట్టింది. పళ్ళెంలో రెండు అరటిపళ్ళు, ఇండియన్ స్టోర్ ఫ్రిజ్‌లో వాడిపోయిన తమలపాకులు, చిలకపచ్చ జాకెట్టు ముక్క. ఆ ముక్క కింద ఒక తెల్ల కవరు. నేను నైటీ మీద చున్నీ కప్పుకుని, ఆ చున్నీ కొంగునే పట్టి తాంబూలం పుచ్చుకున్నాను. కవరు సంగతి తనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. "పెద్దమ్మకు దండం పెట్టు" అని పిల్ల చేతులు రెండూ కలిపి పట్టుకుంది. ఆ రోజు నుంచీ నేను ఆ పిల్లకి పెద్దమ్మని.

తర్వాత ప్రతి నెలా అంతే. శుక్రవారం, బొట్టు, అరటిపళ్ళు, జాకెట్టు ముక్క, దాని కింద కవరు. జీతం అంటే నాకు తలవంపు, ఊరికే చేయించుకోవడం అంటే వాళ్ళకి తలవంపు. తాంబూలానికి ఎవరి తలా వంగదు. ఆ చిలకపచ్చ ముక్కకి ఒక మూల పసుపు మరక ఉండేది. దాన్ని నేను వరలక్ష్మీ వ్రతానికి ఆ అమ్మాయికే తిరిగి పెట్టాను. కొన్నాళ్ళకి అది మళ్ళీ నా పళ్ళెంలోకే వచ్చింది. మా ఇద్దరికీ తెలుసు అదే ముక్కని. ఇద్దరం మొహాలు మామూలుగానే పెట్టుకున్నాం. మరుసటి ఏడు వ్రతానికి మళ్ళీ తనకే పెట్టాను. ఈ దేశంలో జాకెట్టు కుట్టే మనిషి దొరకదు, జాకెట్టు ముక్కలు మాత్రం ఇల్లిల్లూ తిరుగుతూనే ఉంటాయి.

నాకు ముక్కు మీద కోపం అని మా ఆయన అంటారు. నిజమే. కానీ ఆ పిల్ల మీద ఏనాడూ కోపం రాలేదు. పప్పన్నం నోట్లో పెట్టుకుని మింగకుండా బుగ్గన పెట్టుకునేది. నేను దాన్ని చంకనేసుకుని వెనక బాల్కనీలోకి వెళ్ళేదాన్ని. చలికాలంలో ఆ డేటా సెంటర్ కప్పు మీద తెల్లగా ఆవిరి లేచేది. "పెద్దమ్మా, కుక్కర్!" అనేది. వాళ్ళింట్లో కుక్కరు ఎప్పుడూ చూడలేదేమో, వాళ్ళది ఎలక్ట్రిక్ పాట్. మా ఇంట్లో కుక్కరు విజిలేస్తే చేతిలో ఉన్నదల్లా పారేసి వంటింట్లోకి పరిగెత్తుకొచ్చేది. అంత పెద్ద కుక్కర్లో ఎంతమందికి అన్నం ఉడుకుతోందో చెప్పమంటే, వాళ్ళమ్మ, వాళ్ళ నాన్న, పెద్దమ్మ, పెద్దనాన్న, స్కూలు బస్సు అని చెప్పేది. బస్సుకి కూడా అన్నం పెట్టాలని దాని ఉద్దేశం. ఆ మాటల మధ్యలోనే ఒక్కో ముద్ద లోపలికి వెళ్ళేది.

మధ్యాహ్నం నా కడుపు మీద పడుకుని నిద్రపోయేది. నేను కదిలేదాన్ని కాదు. పొయ్యి మీద చారు ఇగిరిపోయినా లేచేదాన్ని కాదు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, మాడిన గిన్నె చూసి, ఏమీ అనకుండా దాన్ని నీళ్ళలో నానబెట్టేవారు. ఆ రోజుల్లో మేమిద్దరం దెబ్బలాడుకోవడం కూడా తగ్గింది.

మూడో ఏడు మార్చిలో ఒక శనివారం ఆ అమ్మాయి వేడివేడి సర్వపిండి చేసి తెచ్చింది. శుక్రవారం కాదు, పళ్ళెం లేదు, బొట్టు లేదు. కూర్చుని కాసేపు అదీ ఇదీ మాట్లాడి, చివరికి అసలు సంగతి తీసింది.

"అక్కా, ఒక చిన్న హెల్ప్ కావాలె. మీ సోషల్ నంబర్ ఒకసారి ఇస్తరా? మీ సంతకం ఒక్కటి, అంతే."

"ఎందుకమ్మా?"

"మా ఆయన ఆఫీస్‌ల అందరు పెట్టుకుంటున్నరక్కా. జీతంలకెళ్ళి టాక్స్ పడకముందే కొన్ని పైసలు పక్కకు పెడతరు. అవి పిల్లల్ని చూసుకునేటోళ్ళకే వాడాలె. మనం ముందు కట్టి, ఎవరికి కట్టినమో చూపిస్తే మనవి మనకు తిరిగిస్తరు. మస్తు టాక్స్ మిగులుతది. పోయిన నవంబర్‌ల మా ఆయన టిక్ పెట్టిండు. జనవరి నుంచి కట్ అయితున్నయ్. ఇప్పుడు తీసుకుందామంటే ప్రొవైడర్ ఎవరు, సోషల్ ఎంత అని అడుగుతున్నరు."

నన్ను అడగకుండా టిక్ పెట్టారు. అక్కని అడిగేదేముంది, అడిగితే ఇస్తుందిలే అనుకుని ఉంటారు. అందులో తప్పు పట్టడానికి కూడా ఏమీ లేదు. సొంత అక్కయితే అలాగే అనుకుంటాం. సర్వపిండి నా చేతిలో చల్లారిపోయింది.

"నాకు పర్మిట్ లేదు కదమ్మా" అన్నాను.

ఆ మాట మా రెండిళ్ళలో ఎవరైనా పైకి అనడం అదే మొదటిసారి.

"అయ్యో, అది రాలేదా అక్కా? వచ్చిందనుకున్న."

నిజంగా తెలియదో, తెలియనట్టు ఉందో నాకు ఇప్పటికీ తెలియదు. పర్మిట్ ఉంటే పట్టపగలు నేను ఇంట్లో ఎందుకుంటానో తనే ఆలోచించుకుని ఉండాల్సింది. కానీ మొదటి రోజు గుమ్మంలో నిలబడినప్పుడు తనూ ఆలోచించలేదు, పిల్ల చున్నీ పట్టుకున్నప్పుడు నేనూ ఆలోచించలేదు. ఆ అమ్మాయి మెల్లగా లేచింది. "ఏం గాదక్కా, నేను వేరే ఏదన్న చూస్త" అని వెళ్ళిపోయింది. పిల్ల మాత్రం సాయంత్రం దాకా మా ఇంట్లోనే ఆడుకుంది.

మా ఆయనకి చెప్పాను. ఆయన లాప్‌టాప్ మూసేశారు.

"ఇచ్చావా నంబరు?"

"లేదు."

"ఇవ్వకు. చచ్చినా ఇవ్వకు."

మా గ్రీన్ కార్డు వరస ఎప్పుడు కదులుతుందో ఎవరికీ తెలియదు. కదిలిన రోజున నింపాల్సిన ఫారంలో ఒక ప్రశ్న ఉంటుంది, ఈ దేశంలో ఎప్పుడైనా అనుమతి లేకుండా పనిచేశారా అని. దానికి అవును అనో కాదు అనో చెప్పాలి. తాంబూలం పుచ్చుకున్నాను అని రాయడానికి అక్కడ గడి ఉండదు. నేను సంతకం పెడితే, ఫలానా పిల్లని ఫలానా తేదీ నుంచి డబ్బు పుచ్చుకుని చూశానని నా చేతులతో నేనే రాసిచ్చినట్టు. అది నా ఒక్కదాని మెడకి కాదు, ఆయన మెడకి కూడా చుట్టుకుంటుంది. పెట్టకపోతే పిల్ల ఉంటుందో ఊడుతుందో తెలియదు. నాకు కావాల్సింది ఒక్కటే, సోమవారం పొద్దున ఆ పిల్ల మా గుమ్మం ఎక్కడం. దానికోసం ఏం చెయ్యాలో ఎంత ఆలోచించినా తోచలేదు.

సోమవారం పిల్ల వచ్చింది. వాళ్ళ నాన్న దించి వెళ్ళాడు. ఆ అబ్బాయి అంతకుముందు లోపలికి వచ్చి కాఫీ తాగేవాడు, ఆ రోజు గుమ్మం దాటలేదు. వాట్సాప్‌లో ఆ అమ్మాయి మెసేజీలు ఒకరోజుకి వాటంతటవే మాయమయ్యేటట్టు మార్చింది. "పాప తిన్నదా అక్కా?" అని అడిగేది, నేను ఫోటో పెట్టేదాన్ని, మర్నాటికి ఆ ప్రశ్నా ఉండేది కాదు, ఆ ఫోటో కూడా ఉండేది కాదు. నాకు కోపం వచ్చింది. కానీ కోపం చూపిస్తే పిల్ల రాదేమోనని నోరు మూసుకున్నాను. నా జన్మలో కోపాన్ని దిగమింగింది ఆ రెండు నెలలే.

మధ్యలో వాళ్ళు ఇంకో ఉపాయం పన్నారు. ఆ అబ్బాయి స్నేహితుడి తల్లికి గ్రీన్ కార్డు ఉందట. పిల్లని ఆవిడ చూస్తున్నట్టు ఆవిడ పేరు మీద పెడదామని. ముందు సరేనందట ఆవిడ. ఆ డబ్బు తన సంపాదనగా చూపించి టాక్స్ కట్టాలని తెలియగానే, నాకెందుకొచ్చిన గొడవ నాయనా అందట. ఇది అబద్ధమనీ, పట్టుబడితే ఎవరెవరు జైల్లో కూర్చుంటారో అనీ ఆలోచన రాకముందే నాకు వచ్చిన ఆలోచన ఒకటే. నా కడుపు మీద నిద్రపోయిన పిల్లని ఇంకెవరో పెంచినట్టు రాస్తారా అని. ఆవిడ వద్దన్నందుకు ఆవిడ మొహం చూడకుండానే మనసులో దండం పెట్టుకున్నాను.

మే నెలలో ఆ అమ్మాయి వచ్చి సోఫాలో ఒక అంచున కూర్చుంది.

"అక్కా, డే కేర్‌ల సీట్ దొరికింది."

పిల్ల కింద కూర్చుని నా గరిటెతో నేల మీద కొడుతోంది.

"వాళ్ళు రసీదులు ఇస్తరక్కా. అన్ని సైట్‌లనే. మనం ఏం అడగనక్కర్లేదు."

"ఖర్చో?"

"ఎక్కువనే. చాల ఎక్కువ."

"టాక్స్ మిగిలేది ఎంత, డే కేర్‌కి పోసేది ఎంత? కొండను తవ్వి ఎలుకని పట్టడం కాదూ ఇది?" అన్నాను. గొంతు పెరిగింది. పిల్ల గరిటె ఆపి నా వంక చూసింది. వెంటనే గొంతు తగ్గించాను. తగ్గించి, నా జీవితంలో ఎవరినీ అడగనట్టు అడిగాను. "డబ్బులొద్దమ్మా. ఆ కవరు వద్దు. తాంబూలం కూడా వద్దు. ఊరికే చూస్తాను. డబ్బులు పుచ్చుకోకపోతే అది పనే కాదు కదా, ఎవరూ ఏమీ అనరు. పొద్దున్నే వదిలేసి వెళ్ళు, అంతే."

ఆ అమ్మాయి వంగి పిల్ల చేతిలో గరిటె తీసి పక్కన పెట్టింది.

"ఊరికే అంటే ఎట్ల అక్కా? ఊరికే చూస్తే ఆ అకౌంట్‌ల పైసలు దేనికి వాడాలె? మధ్యల ఆపుదామంటే ఆపనీయరంట. డిసెంబర్ దాటితే పోతయ్. ఎవరికో ఒకరికి కట్టినట్టు చూపియ్యాలె కదా."

నేను ఫిజిక్స్ చెప్పినదాన్ని. లెక్కలు నాకు కొత్త కాదు. అయినా ఆ లెక్క నా బుర్రకి ఎక్కడానికి కాసేపు పట్టింది. డబ్బు తీసుకుంటే నేను పనికిరాను, నేరం. డబ్బు తీసుకోకపోయినా పనికిరాను, వాళ్ళ డబ్బు మురిగిపోతుంది. ఎలా చూసినా ఆ లెక్కలో నేను లేను.

"అదొక్కటే కాదక్కా" అని ఆ అమ్మాయి ఏడవడం మొదలుపెట్టింది. "మా ఆయన కాయితాలు గూడ ప్రాసెస్‌ల ఉన్నయ్. పర్మిట్ లేనోళ్ళతోటి పని చేయించుకున్నరని ఎవరన్న అంటే మా పరిస్థితి ఏంది? ముందు తెల్వదు. ఇప్పుడు తెలిసింది కదా. తెలిసినంక ఎట్ల పంపాలె?"

అసలు కారణం అది. ఆ రోజు మార్చిలో ఏదో ఒక అబద్ధం ఆడి ఉంటే పోయేది. నంబరు గుర్తులేదనో, కార్డు పోయిందనో అని ఉంటే ఇంకో ఏడు గడిచేది. నిజం చెప్పాను. చెప్పాక దాన్ని ఆ అమ్మాయి చెవిలోంచి తీసెయ్యలేను. ఏడుస్తున్న మనిషికి నేనే లేచి టీ పెట్టి ఇచ్చాను. అల్లం ఎక్కువైంది. తాగి వెళ్ళింది.

ఆఖరి శుక్రవారం మామూలుగానే వచ్చింది. ఈసారి పళ్ళెంలో పట్టుచీర పెట్టింది. కింద కవరు లావుగా ఉంది. బొట్టు పెట్టి, వంగి నా కాళ్ళకి దండం పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ కవరు విప్పను కూడా విప్పకుండా పిల్ల సంచిలో, డైపర్ల అడుగున దోపి పంపేశాను. మర్నాడు తెచ్చి మళ్ళీ నా చేతిలో పెడుతుందని, అప్పుడు రెండు మాటలు అనొచ్చని ఎదురుచూశాను. తేలేదు.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయో రాయడానికి ఏమీ లేదు, ఏమీ జరగలేదు కాబట్టి. పొద్దున లేచేదాన్ని. పప్పులో ఉప్పు తక్కువ వేసేదాన్ని, పిల్లకి ఉప్పు తక్కువ కావాలి కదా అని. వేశాక గుర్తొచ్చేది. మా ఆయన ఆ చప్పిడి పప్పే తినేవారు, ఉప్పు అడిగేవారు కాదు. మొదటి వారాల్లో ఆ అమ్మాయి అప్పుడప్పుడు ఫోన్ చేసేది. పాప డే కేర్‌లో ఏమీ తినడం లేదట, అక్కడ ఎవరూ తినిపించరట, పిల్లలే స్పూనుతో తినాలట, ఇంటి అన్నం తేవద్దన్నారట. "మీరెట్ల తినిపించేటోళ్ళు అక్కా?" అని అడిగింది. కుక్కరు సంగతి చెప్పాను. డే కేర్‌లో బాల్కనీ లేదంది. తర్వాత పిల్ల తినడం నేర్చుకుంది. దాంతో ఫోన్లు కూడా ఆగిపోయాయి. వేసవి సెలవుల్లో వాళ్ళు కాస్త దూరంలో ఉన్న షాంటిలీలో ఇల్లు కొనుక్కుని వెళ్ళిపోయారు. గృహప్రవేశానికి పిలిచారు. నాకు జ్వరమని మా ఆయన చేత చెప్పించాను.

నవంబరులో ఒకరోజు మెయిల్ బాక్స్‌లో ఒక తెల్ల కవరు ఉంది. లోపల నా పర్మిట్ కార్డు. నా ఫోటో, నా పేరు, పనిచేయవచ్చు అన్న మాట. ఎన్నో నెలలు అందింది అని మాత్రమే చెప్పినవాళ్ళు, ఒక్క ముక్క ముందస్తుగా చెప్పకుండా కార్డు పంపేశారు. నేను ఆ బాక్సుల దగ్గరే నిలబడి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. చలికి చేతులు కొంకర్లు పోతున్నాయి.

ఆశ ఎంత సిగ్గులేనిదో ఆ రోజు తెలిసింది. ఆఫీసుల్లో మళ్ళీ టిక్ పెట్టే నెల ఇదే కదా అనుకున్నాను. వచ్చే ఏడుకి ఆ అకౌంటు ఎలాగూ పెడతారు. నా నంబరు ఇస్తాను, సంతకం ఇస్తాను, రసీదు కావాలంటే ప్రతి శుక్రవారం ఇస్తాను. వచ్చిన ప్రతి సెంటుకీ నేను టాక్స్ కడతాను. డే కేర్ కన్నా తక్కువ పుచ్చుకుంటాను. ఇందులో వాళ్ళు కాదనడానికి ఏ కారణమూ లేదు. నేను కాయితం మీద లెక్క వేసి చూశాను కూడా, ఎక్కడా తప్పు లేదు.

మా ఆయన ఆ లెక్క చూసి, "వాళ్ళు మారి ఉంటారు" అన్నారు. ఆదివారం కారు తీశారు. నన్ను వాళ్ళింటి ముందు దింపి, "నేను ఇండియన్ స్టోర్‌కి వెళ్ళొస్తాను. నువ్వు మాట్లాడు" అన్నారు. నేను చెంపలకి పౌడరు రాసుకుని వచ్చాను, పెళ్ళిచూపులకి వచ్చినట్టు.

బెల్ కొట్టాను. లోపల పరిగెత్తుకొస్తున్న చప్పుడు. తలుపు పక్కనున్న గాజులోంచి పిల్ల మొహం కనిపించింది. జుట్టు భుజాల దాకా కత్తిరించారు. బుగ్గలు తగ్గాయి. బూట్లలో లైట్లు వెలుగుతున్నాయి. నా వంక చూసింది. నేను నవ్వాను. అది లోపలికి తిరిగి గట్టిగా అరిచింది.

"మామ్! యాన్ ఆంటీ ఈజ్ హియర్!"

ఆ అమ్మాయి తలుపు తీసి, "అరె, అక్కా!" అని నన్ను వాటేసుకుంది. "పెద్దమ్మనే! గుర్తులేదా? నువ్వు పెద్దమ్మ ఇంట్ల ఉండేదానివి కదా" అని పిల్లని ముందుకి తోసింది. పిల్ల వాళ్ళమ్మ కాళ్ళ వెనక దాక్కుంది. దాని తప్పేముంది? ఆ వయసులో అన్ని నెలలంటే ఒక జన్మ. నేను కిందకి వంగి, "కుక్కర్ విజిలేసిందా?" అని అడిగాను. అది వాళ్ళమ్మ మొహం వంక చూసింది. తర్వాత దాని బొమ్మల దగ్గరికి వెళ్ళిపోయింది.

కొత్త సోఫా, కొత్త వంటిల్లు, అన్నీ చూపించింది ఆ అమ్మాయి. కాఫీ ఇచ్చింది. నేను హ్యాండ్ బ్యాగులోంచి కార్డు తీసి బల్ల మీద పెట్టాను.

"వచ్చిందా అక్కా! మంచిగైంది! కంగ్రాట్స్!" కార్డు చేతిలోకి తీసుకుని నా ఫోటో చూసింది. నిజంగానే సంతోషించింది. ఆ మొహంలో దాపరికం ఏమీ లేదు.

"ఇప్పుడు నా నంబరు రాసుకోవచ్చమ్మా" అన్నాను. "వచ్చే ఏడుకి. సంతకం కూడా పెడతాను."

ఆ అమ్మాయికి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక కార్డు నెమ్మదిగా బల్ల మీద పెట్టింది, నా వైపుకి జరిపింది.

"అక్కా, పాప అక్కడ సెట్ అయింది. ఫ్రెండ్స్ ఉన్నరు. సీట్ ఒకసారి వదిలితే మళ్ళ దొరకది. ఇక్కడికెళ్ళి ఆష్‌బర్న్ పొద్దున ట్రాఫిక్‌ల ఎట్ల తిరుగుడు?" నా చెయ్యి పట్టుకుని ప్రేమగా అంది. "అయినా మీకెందుకక్కా ఇప్పుడు పిల్లల్ని చూసుడు? పర్మిట్ వచ్చింది కదా. లెక్చరర్ చేసినోళ్ళు మీరు. మంచి జాబ్ చూస్కోండి."

అవునన్నాను. ఏదో ఒకటి చూసుకుంటానన్నాను. ఎవరైనా అంతే అంటారు, నేనైనా ఆ అమ్మాయి స్థానంలో ఉంటే అదే అనేదాన్ని. మంచిమాటలకి కోపం తెచ్చుకోవడం నాకు చేతకాదు. కాఫీ పూర్తిగా తాగాను.

లేచి బయల్దేరుతుంటే, "ఉండండక్కా, కొత్తింటికి మొదటిసారి వచ్చిన్రు" అని లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. బొట్టు పెట్టింది. చేతుల్లో రెండు అరటిపళ్ళు, వాటి కింద జాకెట్టు ముక్క పెట్టింది. చిలకపచ్చది. మూల పసుపు మరక అలాగే ఉంది. ఈసారి తను గుర్తుపట్టలేదు.

పాడు అలవాటు. నా వేళ్ళు నాకు తెలియకుండానే ఆ ముక్క కిందికి వెళ్ళి తడిమాయి. కింద ఏమీ లేదు. పేరంటానికి వచ్చిన ముత్తైదువుకి ఇచ్చినట్టే ఇచ్చింది. ఇంతకాలం నేను నటించిన చుట్టరికం ఆ రోజుకి నిజమైంది.

"సే బై టు ఆంటీ" అంది ఆ అమ్మాయి తలుపు దగ్గర. అన్నాక నాలుక కరుచుకుంది. పిల్ల బొమ్మల మీంచి తల ఎత్తకుండానే చెయ్యి ఊపింది.

మా ఆయన అప్పటికే వచ్చి కారులో కూర్చుని ఉన్నారు. వెనక సీట్లో కరివేపాకు వాసన వేస్తోంది. నేను ఎక్కి బెల్టు పెట్టుకున్నాను. ఒళ్ళో ఉన్న పచ్చ ముక్క ఆయన చూశారు.

"కార్డు చూపించావా?"

"చూపించాను."

"ఏమంది?"

"కంగ్రాట్స్ అంది" అన్నాను.